వారిక్ లాంటి పాత ఊళ్లో, ప్రశాంతమైన వీధిలో కాపురం పెట్టాలంటే

ఇంగ్లండ్‌లో ఉద్యోగం వచ్చి, ఆఫీసు వారిక్ దగ్గరని తెలియగానే అందరూ అడిగేది "ఇల్లు ఎక్కడ తీసుకోవాలి?" అని. చాలామంది అడగనిది ఇంకొకటి ఉంది: ఆ వీధిలో ఎలా ఉండాలి? నా ఉద్దేశంలో రెండోదే ముఖ్యం. ఇలాంటి వీధుల్లో ఎవరూ మీ తలుపు తట్టి పద్ధతులు చెప్పరు. మీ వల్ల ఇబ్బంది కలిగినా మొహం మీద అనరు, పలకరింపు తగ్గిస్తారంతే. అందుకే కొన్ని సంగతులు ముందే తెలుసుకోవాలి, తెలియనివి మీరే వెళ్లి అడగాలి. వరసగా చెప్తాను.

ముందు ఊరు తెలుసుకోండి

వారిక్ ఏవన్ నది ఒడ్డున, కోవెంట్రీకీ స్ట్రాట్‌ఫర్డ్‌కీ మధ్య ఉన్న చిన్న ఊరు. ఇక్కడి కోట 1068లో మొదలైంది. 1694 సెప్టెంబరు 5న పెద్ద అగ్నిప్రమాదం జరిగి ఊరి నడిబొడ్డు చాలావరకు కాలిపోయింది. హై స్ట్రీట్, నార్త్‌గేట్ స్ట్రీట్ లాంటి వీధులు ఒకే తీరుగా, ఇటుకతో రాతితో కనిపించడానికి కారణం అదే, తర్వాత కొత్తగా కట్టినవి. మంటలు చేరని చోట, అంటే కోట గోడ పక్కనున్న మిల్ స్ట్రీట్‌లో, పడమటి ద్వారం దగ్గరి లార్డ్ లెస్టర్ భవనాల్లో, నల్లటి కలప దూలాల పాత ఇళ్లు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి.

ఇది చరిత్ర పాఠం కోసం చెప్పడం లేదు. ఊరి మధ్యలో ఇల్లు తీసుకుంటే ఈ చరిత్ర మీ ఇంట్లోకీ వస్తుంది. రక్షిత కట్టడాల జాబితాలో ఉన్న ఇంట్లో కిటికీ మార్చాలన్నా కౌన్సిల్ (ఊరి స్థానిక ప్రభుత్వం) అనుమతి కావాలి. అలాంటి ఇళ్లలో చాలాచోట్ల కిటికీలకు ఒంటి అద్దమే ఉంటుంది, చలికాలం గ్యాస్ బిల్లు బాగా పెరుగుతుంది. వీధులు ఇరుకు, కార్ పెట్టుకోవాలంటే పర్మిట్. ఇంత చెప్పినా, ఇద్దరే ఉండి, కారు అక్కర్లేదనుకుంటే, శనివారం సంత జరిగే మార్కెట్ ప్లేస్‌కి నాలుగడుగుల దూరంలో బతకడం ఎంతో బాగుంటుంది.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. వారిక్ యూనివర్సిటీ వారిక్‌లో లేదు, కోవెంట్రీ అంచున ఉంది. పేరు చూసి ఇక్కడ గది తీసుకుంటే రోజూ బస్సుల్లోనే సగం ఓపిక అయిపోతుంది. కోవెంట్రీ, కెనిల్‌వర్త్, లెమింగ్టన్ చూసుకోండి.

పేట ఎంచుకోవడం

పిల్లలున్న కుటుంబమైతే నేను ముందు ఉత్తరాన ఉన్న వుడ్లోస్ పార్క్ చూడమంటాను. ఒక కొసన మూసుకుపోయే చిన్న చిన్న వీధులు, బయటి బండ్లు లోపలికి రావు, ప్రైమరీ స్కూలు పేటలోనే ఉంది. రేస్‌కోర్సు అవతల ఉన్న చేజ్ మెడో దానికన్నా కొత్తది, ఇళ్లు వెచ్చగా ఉంటాయి, కానీ గదులు చిన్నవి, గోడలు పల్చన. టెక్నాలజీ పార్క్ వైపు ఆఫీసైతే వారిక్ గేట్స్, హీత్‌కోట్ దగ్గర. కారు లేనివాళ్లకు ఎమ్‌స్కోట్ మంచిది. వరసగా అంటుకుని ఉన్న పాతకాలపు ఇళ్లు, వారిక్‌కీ లెమింగ్టన్‌కీ రెండిటికీ నడిచి పోవచ్చు, టెస్కో పక్కనే. మైటన్ బాగుంటుంది, అద్దెలూ అలాగే ఉంటాయి.

లండన్‌కో బర్మింగ్‌హామ్‌కో వెళ్లి వచ్చేవాళ్లు స్టేషన్ సంగతి కూడా చూసుకోవాలి. ఊళ్లో వారిక్ స్టేషన్ ఉంది, ఊరి బయట వారిక్ పార్క్‌వే ఉంది. నడిచి వెళ్లేవాళ్లకు మొదటిది, కారు పెట్టి రైలెక్కేవాళ్లకు రెండోది. రెండిటి నుంచీ లండన్ మేరిల్‌బోన్‌కి నేరుగా రైళ్లు ఉన్నాయి.

ఇల్లు ఒకసారి చూసి ఒప్పేసుకోకండి. ఒకసారి పనిరోజు పొద్దున్న ఎనిమిదిన్నరకి, స్కూలు రద్దీలో ఆ వీధి ఎలా ఉంటుందో చూడండి. ఇంకోసారి చీకటి పడ్డాక వెళ్లి, ఏజెంట్ ముందు ఉండగానే కిటికీ తెరిచి రెండు నిమిషాలు మాట్లాడకుండా వినండి. వారిక్ చుట్టూ ఏ46 రోడ్డూ ఎం40 మోటర్‌వే ఉన్నాయి, గాలి ఇటు తిరిగితే పేట చివరి ఇళ్లకు ఆ హోరు ఆగకుండా వినిపిస్తుంది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పోస్ట్‌కోడ్ కొడితే వరద ముప్పు ఎంతో వస్తుంది. నదికి దగ్గరి ఇళ్లకు ఇది తప్పకుండా చూడండి.

స్కూలు కావాలంటే, దరఖాస్తు వారిక్‌షైర్ కౌంటీ కౌన్సిల్‌కి. ప్రైమరీకి గడువు జనవరి 15, సెకండరీకి అక్టోబరు 31. ఏ ఇల్లు ఏ స్కూలు పరిధిలోకి వస్తుందో సంతకం పెట్టకముందే చూసుకోండి. "దగ్గరే కదా, సీటు వస్తుందిలే" అన్న ఏజెంట్ మాట మీద ఆధారపడొద్దు. ఏడాది మధ్యలో వచ్చే పిల్లలకు ఖాళీ ఉన్న స్కూలే దొరుకుతుంది, అది ఇంటికి దగ్గర కాకపోవచ్చు.

అద్దె కాగితాలు

ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపు ఉంటే డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించకూడదు. ఇల్లు పట్టి ఉంచడానికి అడిగే మొత్తం ఒక వారం అద్దెకు మించకూడదు. డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన స్కీములో జమ చేసి, ఆ వివరాలు మీకివ్వాలి. ఇవ్వకపోతే అడగండి, మొహమాటం వద్దు.

2026 మే 1 నుంచి అద్దె చట్టం మారింది. కారణం చూపకుండా ఖాళీ చేయించడం కుదరదు, ఒక నెలకు మించి అడ్వాన్సు అద్దె అడగకూడదు. ఇక్కడ క్రెడిట్ చరిత్ర లేదని మనవాళ్ల దగ్గర ఆరు నెలల అద్దె ఒకేసారి వసూలు చేసిన రోజులు చాలామందికి తెలుసు. మీరు ఖాళీ చేయాలంటే రెండు నెలల ముందు నోటీసు ఇస్తే సరిపోతుంది.

తాళాలు చేతికి రాగానే, సామాను దించకముందే, ఫోన్ తీసి ఇల్లంతా వీడియో తీయండి. కార్పెట్ మీద మరకలు, ఓవెన్ లోపలి జిడ్డు, బాత్రూమ్ మూలల్లో నల్ల మచ్చలు, తలుపు గీతలు. గ్యాస్, కరెంటు మీటర్ల అంకెలు ఫొటో తీయండి. వీటిని ఆ రోజే ఏజెంట్‌కి ఈమెయిల్ చేస్తే తేదీతో సహా సాక్ష్యం ఉంటుంది. ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్ గొడవలు ఎక్కువగా ఓవెన్ దగ్గరా కార్పెట్ దగ్గరే వస్తాయి.

మొదటి వారం పనులు

ఇంటి మీద వేసే స్థానిక పన్ను, కౌన్సిల్ ట్యాక్స్‌కి వారిక్ డిస్ట్రిక్ట్ కౌన్సిల్ సైటులో నమోదు చేసుకోండి. మామూలుగా పది వాయిదాలు, అడిగితే పన్నెండు చేస్తారు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గింపు ఉంది, కానీ అడిగినవాళ్లకే. నీళ్ల బిల్లు సెవెర్న్ ట్రెంట్‌కి. కరెంటు, గ్యాస్ ఏ కంపెనీవో ఏజెంట్‌ని అడిగి, మీరు తీసిన అంకెలు వాళ్లకు పంపండి. లేకపోతే పాత కిరాయిదారు వాడకం మీ బిల్లులో పడుతుంది.

జ్వరం వచ్చాక డాక్టర్ని వెతుక్కోవడం కాకుండా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే జీపీ, అంటే మీ పేట డాక్టర్ దగ్గర పేర్లు రాయించండి. గుర్తింపు కార్డులు, చిరునామా రుజువులు లేకపోయినా పేరు రాసుకోవాలి, అదే నియమం. అత్యవసరం కానివాటికి 111కి ఫోన్ చేయాలి, ప్రాణం మీదికొస్తే 999. ఊళ్లోనే వారిక్ హాస్పిటల్‌లో ఎమర్జెన్సీ ఉంది. చిన్న చిన్న ఇన్ఫెక్షన్లకు, గొంతు నొప్పికి మందుల షాపు ఫార్మసిస్టే చూసి మందులిస్తారు.

ఇండియా నుంచి విజిటర్ వీసా మీద వచ్చే అమ్మానాన్నలకు ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా టికెట్ బుక్ చేయొద్దు. ఎమర్జెన్సీలో చూడటానికి డబ్బు తీసుకోరు గానీ, వార్డులో చేర్చుకున్న దగ్గర్నుంచి బిల్లు మొదలవుతుంది, అది మామూలు ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వేస్తారు.

మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఒకటుంది. ఇండియా కామన్‌వెల్త్ దేశం కాబట్టి, వీసా మీద ఇక్కడ నివసించే భారతీయులు ఓటరుగా నమోదు కావచ్చు. కౌన్సిల్ ఎన్నికల్లోనే కాదు, పార్లమెంటు ఎన్నికల్లో కూడా ఓటు వేయొచ్చు. ఆన్‌లైన్‌లో చిన్న ఫారం, అంతే. ఓటరు జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకూ మంచిది. దయచేసి వాయిదా వేయకండి. ఈ వీధి దీపాలూ, ఈ స్కూళ్లూ మన పన్నుతో కూడా నడుస్తున్నాయి.

డ్రైవింగ్ లైసెన్సు సంగతి: ఇండియా లైసెన్సు మీద 12 నెలలే నడపొచ్చు. టెస్టు తేదీలు దొరకడం కష్టం కాబట్టి మొదటి నెలల్లోనే ప్రొవిజనల్ (నేర్చుకునేవాళ్ల లైసెన్సు) తెప్పించుకోండి.

ఇంటి లోపల: చెమ్మ, బాయిలర్, బాత్రూమ్

మన వంటకీ ఇంగ్లండ్ ఇంటికీ మధ్య వచ్చే అసలు గొడవ చెమ్మతో. అన్నం ఉడికే ఆవిరి, కుక్కర్ కూతలు, సాంబారు మరుగు, వీటన్నిటి తేమ బయటికి పోక చల్లటి గోడ మీద నీటి బిందువులై కూర్చుంటుంది. పది పదిహేను రోజులకు బీరువా వెనక నల్లటి బూజు. ఖాళీ చేసేటప్పుడు అది మీ తప్పే అంటారు, పిల్లలకు దగ్గు కూడా దానివల్లే పట్టుకుంటుంది.

స్టవ్ మీద ఉన్న ఫ్యాన్ గాలిని నిజంగా బయటికి పంపుతుందో, వడగట్టి మళ్లీ వంటింట్లోకే వదులుతుందో ముందు చూడండి. చాలా ఇళ్లలో రెండో రకమే. అలాంటప్పుడు వండేటప్పుడు వంటింటి తలుపు మూసి, కిటికీ ఒక బెత్తెడు తెరవాలి, వంట అయ్యాక ఇంకో పావుగంట అలాగే ఉంచాలి. కిటికీ పైఅంచున సన్నటి గాలి సందు ఉంటుంది, చలి వస్తోందని దానికి టేపు వేయకండి. బట్టలు రేడియేటర్ మీద ఆరేస్తే ఆ నీళ్లన్నీ గాలిలోకే పోతాయి. గాలిలో తేమ లాగే చిన్న డీహ్యూమిడిఫైయర్ ఒకటి కొని, ఆ గది తలుపు మూసి అక్కడ ఆరేయండి. బీరువాను బయటి గోడకు ఆనించకుండా అరచెయ్యి పట్టేంత ఎడం వదలండి. పొద్దున్నే కిటికీ అద్దాల మీది నీళ్లు గుడ్డతో తుడిచేయండి. ఇవి చేసే ఇంట్లో బూజు దాదాపుగా రాదు.

ఎండుమిరపకాయల పోపుకి పొగ అలారం మోగడం మామూలే. మోగితే కిటికీ తెరిచి, అలారం కింద తువ్వాలు ఊపండి. బ్యాటరీ మాత్రం తీయకండి, పిల్లలు నిద్రపోయే ఇల్లది.

బాయిలర్ మీద ఒత్తిడి చూపించే ముల్లు చల్లగా ఉన్నప్పుడు 1కీ 1.5కీ మధ్య ఉండాలి. తగ్గితే వేడినీళ్లూ రావు, రేడియేటర్లూ పనిచేయవు, అది సరిగ్గా జనవరి శుక్రవారం రాత్రే జరుగుతుంది. నీళ్లు నింపే చిన్న కవాటం ఎక్కడుందో ఇల్లు అప్పజెప్పే రోజే ఏజెంట్‌తో చూపించుకోండి. గ్యాస్ వాసన వస్తే కిటికీలు తెరిచి, స్విచ్‌లేవీ ముట్టకుండా బయటికొచ్చి 0800 111 999కి ఫోన్ చేయండి.

ఇక్కడి బాత్రూమ్ నేలలో నీళ్లు పోయే తూము ఉండదు. టబ్బు బయట చెంబుతో స్నానం చేస్తే ఆ నీళ్లు నేల కిందికి దిగి కింది గది పైకప్పు మీద మరకవుతాయి. ఇండియా నుంచి పెద్దవాళ్లు వచ్చినప్పుడు మొదటి రోజే ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి, టబ్బులో చిన్న ప్లాస్టిక్ పీట, రబ్బరు చాప వేసివ్వండి.

బిన్నులు

వీధి మిమ్మల్ని గమనించేది ముందు ఇక్కడే. వారిక్ డిస్ట్రిక్ట్‌లో 2022 ఆగస్టు నుంచి పద్ధతి ఇది: మిగిలిన తిండి, కూరగాయల తొక్కలు వారం వారం, రీసైక్లింగ్ రెండు వారాలకోసారి, మామూలు చెత్త మూడు వారాలకోసారి. తోట చెత్తకు విడిగా డబ్బు కట్టాలి. మూడు వారాల పాటు చెత్త ఇంట్లో ఉంటుంది కాబట్టి, తిండి వ్యర్థాలు వాటి డబ్బాలోనే వేయడం అలవాటు చేసుకోకపోతే వాసన పక్కింటికి కూడా వెళ్తుంది. డైపర్లు వాడే ఇంట్లో ఇది ఇంకా ముఖ్యం.

మీ పోస్ట్‌కోడ్‌కి ఏ రోజు ఏ బిన్నో కౌన్సిల్ సైటులో ఉంటుంది, దాన్ని ప్రింట్ తీసి ఫ్రిజ్ మీద అంటించండి. ముందురోజు సాయంత్రం బయట పెట్టండి, ఖాళీ అయిన రోజే లోపలికి లాగండి. మూడు రోజులు రోడ్డు మీద వదిలేసిన బిన్ను గురించి ఎవరూ ఏమీ అనరు, కానీ అందరూ చూస్తారు. రీసైక్లింగ్‌లో జిడ్డు పట్టిన పెరుగు డబ్బా వేసేముందు ఒకసారి కడగండి. వేపుడు నూనె సింకులో పోయకండి, చల్లారాక సీసాలో పోసి మూతపెట్టి చెత్తలో వేయండి. పైపులో గడ్డకడితే ఒక్కోసారి మీ వరసలోని నాలుగిళ్లకూ ఇబ్బందే, పాత ఇళ్లకు కాలువ ఒకటే ఉంటుంది.

చప్పుడు, కారు, ఇరుగుపొరుగు

అంటుకుని కట్టిన ఇళ్లలో పక్కింటితో గోడ పంచుకుంటాం. దోసెల పిండి రుబ్బే గ్రైండర్ ఆ గోడకి ఆనించిన గట్టు మీద పెడితే, అవతలివాళ్ల పడగ్గదిలో గోడ వణుకుతుంది. దాని కింద మందపాటి రబ్బరు చాప వేసి, గోడకు దూరంగా పెట్టి, రాత్రి ఎనిమిదిలోపే రుబ్బుకోండి. మిక్సీ కూడా పొద్దున్న ఏడు దాటాకే. రాత్రి 11 నుంచి పొద్దున్న 7 వరకు చప్పుడు విషయంలో కౌన్సిల్ దగ్గర ఫిర్యాదుకు చట్టముంది, కానీ మర్యాద గడియారం దానికన్నా ముందే మొదలవుతుంది. ఆదివారం పొద్దున్నే గడ్డి కోసే మెషిన్, డ్రిల్లు వద్దు.

ఫోన్లు కూడా గుర్తుంచుకోండి. ఇండియాకీ ఇక్కడికీ చలికాలం ఐదున్నర గంటలు, వేసవిలో నాలుగున్నర గంటలు తేడా. తెల్లవారుజామున అమ్మ నుంచి ఫోన్ వస్తే మనం పెరట్లోకి వెళ్లి స్పీకర్ పెట్టి మాట్లాడతాం. ఆ నిశ్శబ్దంలో మన మాట నాలుగు తోటలు దాటుతుంది. లోపలే మాట్లాడండి.

ఇంటి ముందు రోడ్డు చట్టప్రకారం ఎవరిదీ కాదు. అయినా ఎవరి ఇంటి ముందు వాళ్లు పెట్టుకోవడం అలవాటు. కారు రోడ్డు మీదికి దిగేందుకు వీలుగా కాలిబాట అంచు వంచిన చోట మాత్రం ఒక్క నిమిషం కూడా ఆపకండి, అది వాళ్ల కారు బయటికొచ్చే దారి. ఇంట్లో పుట్టినరోజు పెట్టుకుంటే, పది కార్లు వస్తాయనుకుంటే, రెండు రోజుల ముందు అటు ఇటు ఇళ్లకు చెప్పండి. ఎన్ని గంటలకు అయిపోతుందో కూడా చెప్పండి. చెప్పి చేసిన చప్పుడుకి ఇక్కడ ఎవరూ బాధపడరు.

ఇక పరిచయం. దిగిన వారంలోనే, శనివారం పదకొండు గంటలప్పుడో, సాయంత్రం భోజనాలకు ముందో, రెండు పక్కలా ఎదురింటా తలుపు కొట్టండి. పేరు చెప్పి, "కొత్తగా వచ్చాం, మా వల్ల ఏమైనా ఇబ్బందైతే దయచేసి నేరుగా చెప్పండి" అని, ఫోన్ నంబరు రాసిన కాగితం ఇవ్వండి. రెండు నిమిషాలు చాలు. లోపలికి రమ్మనకపోతే నొచ్చుకోకండి, ఇక్కడ అది అమర్యాద కాదు. డెబ్బై ఏళ్ల పెద్దావిడ తనను పేరు పెట్టి పిలవమంటుంది. మనకు నోరు రాదు, అయినా అలాగే పిలవండి. ఆంటీ అంటే ఆమెకు అర్థం కాదు, మేడమ్ అంటే దూరం పెట్టినట్టు ఉంటుంది. స్వీట్లు ఇచ్చేటప్పుడు జీడిపప్పు, వేరుశనగ ఉన్నాయని ముందే చెప్పండి, ఈ ఎలర్జీలను ఇక్కడ చాలా సీరియస్‌గా తీసుకుంటారు. మీరు ఇంట్లో లేనప్పుడు పార్సిల్ తీసుకుని ఉంచేది వీళ్లే. మీరు కూడా వాళ్లవి తీసుకోండి.

అమ్మానాన్నలు వచ్చినప్పుడు పగలంతా ఒంటరిగా అయిపోతారు, ఈ నిశ్శబ్దం వాళ్లకు బరువు. పొద్దున్న పదింటికి సెయింట్ నికొలస్ పార్కులో నది పక్కన, లేదా కాలువ గట్టు మీద హాటన్ వైపు నడవమనండి. అక్కడ వరసగా 21 లాకులు, పడవ ఒక్కో మెట్టూ ఎక్కడం చూస్తూ ఎంతసేపైనా కూర్చోవచ్చు. ఎదురైనవాళ్లకు గుడ్ మార్నింగ్ చెప్పమనండి. కుక్కలతో వచ్చేవాళ్లు రోజూ అదే వేళకు వస్తారు, కొన్నాళ్లకు వాళ్లే ఆగి పలకరిస్తారు. డిసెంబరులో మాత్రం నాలుగింటికే చీకటి పడిపోతుంది, వాళ్ల ప్రయాణం మే నుంచి సెప్టెంబరు మధ్యలో పెట్టుకుంటే మంచిది.

సరుకులు, గుడి, పండగ

కరివేపాకు, బెండకాయ, మంచి కందిపప్పు కావాలంటే లెమింగ్టన్‌లో దుకాణాలున్నాయి, పెద్ద ఎత్తున కొనాలంటే కోవెంట్రీ ఫోల్స్‌హిల్ రోడ్డు. ఆదివారం పెద్ద సూపర్ మార్కెట్లు ఆరు గంటలే తెరుస్తాయి, సాయంత్రం వెళ్దామనుకుంటే మూసుంటాయి. గుడికి మిడ్‌లాండ్స్‌లోని తెలుగువాళ్లు వెళ్లేది బర్మింగ్‌హామ్ దగ్గరి టివిడేల్‌లోని బాలాజీ ఆలయానికి, 2006లో తెరిచారు, కారులో వెళ్లి రావడానికి ఒక పూట పెట్టుకోండి.

దీపావళికి బాణసంచా కాల్చడానికి ఇంగ్లండ్ చట్టంలోనే వెసులుబాటు ఉంది. మామూలు రోజుల్లో రాత్రి 11 దాటితే నిషేధం, దీపావళి రాత్రి మాత్రం ఒంటిగంట దాకా ఒప్పుకుంటారు. రోడ్డు మీద కాల్చడం నేరం, సొంత పెరట్లోనే కాల్చాలి. అనుమతి ఉన్నా, ఇలాంటి వీధిలో తొమ్మిదింటికల్లా ముగించండి. కుక్కలున్న ఇళ్లకు ముందురోజే వెళ్లి ఎన్నింటికి మొదలుపెడతారో చెప్పండి. వాళ్లు ఆ వేళకు కుక్కను లోపలి గదిలో ఉంచుకుంటారు. పిల్లలున్న ఇళ్లవాళ్లను కాకరపువ్వొత్తులు వెలిగించడానికి రమ్మని పిలవండి, ఒక నీళ్ల బకెట్ పక్కనే పెట్టి.